మెదక్ క్రిస్మస్‌కు వందేళ్లేనా?

2024 డిసెంబర్ 25తో మెదక్ చర్చికి వందేళ్లు నిండాయి. అందులో తగవు లేదు. 1914లో పని మొదలైంది, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. తగవంతా ఆ శతాబ్ది ఏడాది అచ్చయిన కరపత్రాలతో వచ్చింది. 'మెదక్ క్రిస్మస్‌కు వందేళ్లు' అని వేశారు. ఆ మాటను పత్రికల ప్రత్యేక పేజీలు ఎత్తుకున్నాయి. ఇప్పుడు బడిపిల్లలు వ్యాసరచన పోటీల్లో కూడా అదే రాస్తున్నారు. భవనం వయసు తీసుకొచ్చి పండుగకు అంటగట్టారన్నమాట. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇప్పటికీ మిషన్ కాంపౌండుకు నడిచిపోయేంత దూరంలో ఉంటున్నవాణ్ణి. ఈ ఒక్క లెక్క సరిచేయకపోతే నాకు నిద్ర పట్టదు.

ముందు తెలిసినవి చెప్పుకుందాం. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చాడు. తిరుమలగిరి దండులో సిపాయిల పాదిరి. ఒకటి రెండేళ్లలోనే మెదక్ చేరాడు. సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి దారి సరిగా లేని రోజులవి, గుర్రం మీద వచ్చాడని మన పెద్దలు చెప్పేవారు. అప్పటి నుంచి 1924 దాకా పాతిక సంవత్సరాలకు పైనే. ఆ పాతిక క్రిస్మస్‌లూ ఏమైనట్టు? డిసెంబర్ నెల వస్తే దొర తలుపులు వేసుకొని పడుకున్నాడా? ఆయన చుట్టూ చేరిన మాల, మాదిగ వాడల జనం ఆ రోజు మామూలుగా పనికి పోయారా?

ఈ ప్రశ్నకు ఎదుటి పక్షం దగ్గర ఒక జవాబుంది. శతాబ్ది కరపత్రం రాసినవారిలో ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు: "అన్నా, అప్పుడుండేది బంగ్లాల చిన్న ప్రార్థన. దాన్ని ఊరి పండుగ అంటరా?" సూటిగానే అడిగాడు కనుక సూటిగానే చెబుతాను. ఐదువేల మంది కూర్చునే గుడి ఎవరైనా ఖాళీ మైదానం కోసం కడతారా? పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, శిఖరం 175 అడుగులు. జనం ముందు వచ్చారు, చోటు చాలలేదు, గుడి తర్వాత వచ్చింది. మరి ప్రతిష్ఠకు డిసెంబర్ 25నే ఎందుకు ఎంచుకున్నారు? ఊళ్ల నుంచి జనం ఎలాగూ ఆ రోజుకు నడిచొస్తారని తెలుసు కాబట్టి అంటాను నేను. ఇది నా ఊహే. కానీ ఆ కరపత్రంలో ఉన్న లెక్క కన్నా గట్టి ఊహ.

ఇంకో సంగతి మన చరిత్రకారులు ఎవరూ పట్టించుకోలేదు. పునాదికి, ప్రతిష్ఠకు మధ్య పదేళ్లున్నాయి. ఆ పదేళ్లూ రాళ్లు మోసినవాళ్లు, సున్నం గానుగ తిప్పినవాళ్లు, మట్టి తవ్వినవాళ్లు ఇక్కడే చుట్టుపక్కల గుడిసెలు వేసుకొని ఉన్నారు. కరువులో పాస్నెట్ దొర పనిపెట్టి తిండి పెట్టాడన్న కథ మనందరికీ నోటికొచ్చు. ఏ కరువు అని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పరు, ఒకే కరువు పదేళ్లు సాగినట్టు రాసేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంతో ధరలు పెరిగాయి. 1918లో దేశమంతటా వానలు ఎగ్గొట్టాయి, అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లనే ఊడ్చింది. అంటే ఆ పదేళ్లలో కొన్ని డిసెంబర్లు ఆకలివి, కొన్ని చావువి, కొన్ని కాస్త తెరిపివి. ఆ గుడిసెల్లో ఆ పది పండుగల ముందు రోజులు ఎట్లా గడిచాయో రాసిపెట్టినవాడు లేడు. దొర దానం గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లు, కూలి తీసుకొని చెమటోడ్చిన చేతుల గురించి రెండు వాక్యాలు రాయలేకపోయారు. దొర మీద నాకు కోపం లేదు. రాసినవాళ్ల మీద ఉంది.

మా నాయనమ్మ పెళ్లై ఈ ఊరికి వచ్చేనాటికి గుడి కట్టడం పూర్తయింది. అయినా ఆమె అత్త చెప్పిన మాటలు ఆమె నోట మాకు అందాయి. పండుగ అంటే ఆ ముసలమ్మకు శిఖరం కాదు, వాడ. పండుగకు రెండు వారాల ముందు ఎర్రమట్టి తెచ్చి గోడలు మెత్తడం, గడపకు జాజు, వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు. మగవాళ్లు సున్నం బట్టీ దగ్గరికి పోయి సున్నపు గడ్డలు తెచ్చి, కుండలో వేసి నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికేదట. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చీపురుకట్టతో కాదు, ఈతమట్ట చివర దంచి చేసిన కుంచెతో పూసేవారు. ఇప్పుడు రంగు డబ్బాలు వచ్చాయి, పని ఒక పూటలో అయిపోతోంది. కానీ ఇప్పటికీ ఆగమనకాలం మొదటి ఆదివారం చర్చిలో ఊదా గుడ్డ పరిచారంటే, సోమవారం పొద్దున్నే మా వీధిలో ఎవరో ఒకరి ఇంటి సామాన్లు వాకిట్లోకి వస్తాయి. ఆ వరుస మాత్రం మారలేదు.

క్రిస్మస్ మాకు వడ్లతో ముడిపడిన పండుగ. ఈ మాట చెబితే హైదరాబాద్ బంధువులు నవ్వుతారు. మంజీర మీద ఘనపురం ఆనకట్ట, దాని నుంచి మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు. వాటి కింద వానాకాలం పంట కోతలై, కొత్త వడ్లు ఇంటికి వచ్చే రోజులే డిసెంబర్ రోజులు. చేతిలో నాలుగు పైసలు, గాదెలో కొత్త బియ్యం. కూలిజనానికి కూడా గింజ దొరికే నెల అదే. అందుకే పిండివంటలకు ఊపిరి వచ్చింది. కొత్త బియ్యం నానబెట్టి, వడకట్టి, తడిపిండి దంచి అరిసెలు. నువ్వులు, వాము కలిపి సకినాలు. గరిజెలు, మురుకులు. సకినాలు ఒక్కరి చేతిమీద అయ్యేవి కావు. తెల్ల ధోవతి పరిచి, చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు కూర్చొని చుట్టాలి. ఈ రోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో. ఎవరి చుట్టు సన్నగా వచ్చింది, ఎవరిది దొడ్డుగా వచ్చింది అన్న మాటలు మార్చి దాకా నడిచేవి. ఇప్పుడు దంచడం లేదు, గిర్నీకి పంపుతారు. డిసెంబర్ మూడో వారంలో గిర్నీ ముందు బకెట్ల వరుస చూస్తే ఊళ్లో ఎన్ని కిరస్తానీ ఇళ్లున్నాయో లెక్క తేలుతుంది. కొందరు స్వగృహ దుకాణంలో కొనేస్తున్నారు. వాళ్ల గురించి నేను ఏమీ అనను, మా ఇంట్లోనూ కోడళ్లున్నారు.

కేకు సంగతి వేరు. అది చాలా ఆలస్యంగా వచ్చింది. మా చిన్నప్పుడు కేకు అంటే మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మల ఇళ్లలో ఉండేది, మనకు ముక్క దక్కితే దక్కినట్టు. రాందాస్ చౌరస్తా బేకరీల్లో ఇప్పుడు పది రోజుల ముందు నుంచే అద్దాల వెనక ప్లమ్ కేకులు పేర్చి పెడతారు. కొంటున్నవాళ్లలో సగం మంది క్రైస్తవులు కారు. మంచిదే. మా గరిజెలు, సకినాలు పక్కింటి ముస్లింల ఇళ్లకు, ఎదురింటి వాళ్లకు పళ్లెంలో, మీద గుడ్డ కప్పి పోతాయి. పళ్లెం మాత్రం ఖాళీగా తిరిగి రాదు. రంజాన్‌కు షీర్ ఖుర్మాతోనో, సంక్రాంతికి నువ్వులుండలతోనో వస్తుంది. అప్పటిదాకా ఆ పళ్లెం ఎవరింట్లో ఉందో మా ఇంటి ఆడవాళ్లకు తారీకులతో సహా గుర్తుంటుంది.

ఇక క్యారల్స్. వీటి పుట్టుక మీద కూడా ఒక తప్పుడు మాట ఉంది: దొరలు నేర్పారని. పాట దొరలదైతే అయి ఉండొచ్చు, రాత్రి తిరగడం మనది. భజన మండలి వాడ వాడ తిరగడం ఈ నేలకు దొరలు రాకముందే తెలుసు. కంజీర, తాళాలు, డప్పు, చేతిలో లాంతరు. పాడేవి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోవే, కానీ సగం పుస్తకం చూడకుండా వచ్చినవాళ్లే. చదువు రాని ముసలివాళ్లే ముందుండి అందుకునేవారు. గుంపు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియదు కనుక పొయ్యి మీద చాయ్ కాగుతూనే ఉండేది. పొద్దున కూలికి పోవాల్సిన ఆడమనిషి రాత్రి రెండింటికి తలుపు తీసి, "రండి బిడ్డా, మొదట మా ఇంటికే వచ్చిండ్రా?" అని అడిగేది. మొదట ఏ వీధికి పోవాలన్న దాని మీద పెద్ద పెద్ద అలకలు జరిగాయి. పిల్లికొటాల్ వాళ్లకు, కాంపౌండు వాళ్లకు మధ్య నడిచిన ఒక అలక సంగతి నాకు తెలుసు. ఎవరి తప్పో నాకు స్పష్టంగా తెలుసు, కానీ నేను కాంపౌండు పక్కవాణ్ణి కనుక నమ్మరు, రాయను.

ఇప్పుడు డీసీఎం బండి మీద కీబోర్డు, నాలుగు స్పీకర్లు, ఎర్ర టోపీ పెట్టుకున్న క్రిస్మస్ తాత. వీధి మొదట్లో ఆపి, ఒక పాట ఊదరగొట్టి, కానుక కవరు తీసుకొని పోతారు. చాయ్‌కి ఆగరు. సెమీ క్రిస్మస్ పేరుతో డిసెంబర్ మొదటి వారం నుంచే ఆఫీసుల్లో, కాలేజీల్లో కేకులు కోస్తున్నారు. ఇరవై ఐదు వచ్చేసరికి పండుగ పాతబడిపోతోంది. ముసలివాడి సణుగుడు అంటారేమో. అనండి.

నక్షత్రం గురించి మాత్రం సణగను. వెదురు బద్దలు చీల్చి, పురికొసతో కట్టి, గాలిపటాల రంగు కాగితం మైదాపిండి ఉడికించి అతికించేవాళ్లం. లోపల లాంతరు పెడితే ఏటా ఒకటో రెండో కాలిపోయేవి. బేగంబజార్ నుంచి వచ్చే ప్లాస్టిక్ నక్షత్రం కాలదు, వానకు తడవదు, మరుసటి ఏడాదికి పనికొస్తుంది.

ఇంటి ముందు వేసే పశువుల పాకను నా వాదానికి సాక్ష్యంగా పిలుస్తున్నాను. చర్చిలో రంగుటద్దాల కిటికీలు చూడటానికి దేశాల నుంచి వస్తారు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసినవి. మూడూ ఒకేసారి వచ్చాయని చాలామంది అనుకుంటారు. కాదు. యేసు ఆరోహణం కిటికీ 1927లో, పుట్టుక కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో వచ్చాయి. గుడి ప్రతిష్ఠ జరిగిన ఇరవై మూడేళ్ల దాకా ఆ గుడి అద్దంలో యేసు పుట్టలేదు. అప్పటికే మా వాడల్లో, కొత్తగా నూర్చిన వరిగడ్డి మీద, ఎన్నో ఏళ్లుగా పుడుతున్నాడు. గడ్డి కోసం పిల్లలు కల్లం మీదికి పోయి అడిగి తెచ్చుకునేవారు. బొమ్మలు బంకమట్టివి, ఆవుకు ఒక కొమ్ము లేకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. కిటికీలకు బయటి వెలుగు కావాలి, చీకటి పడ్డాక వాటిలో ఏమీ కనిపించదు. పాకలో మాత్రం దీపం పెట్టేదే చీకటి పడ్డాక.

పనిలో పనిగా రెండు గొప్పల సంగతీ తేల్చేస్తాను. మన చర్చి ఆసియాలో అన్నిటికన్నా పెద్దదనీ, వాటికన్ తర్వాత ఇదేననీ ఏటా డిసెంబర్ 20 నాటికి పత్రికల్లో వస్తుంది. గోవాలో సె కెథడ్రల్ పొడవే 250 అడుగులు. టేపు పట్టుకొని కొలుచుకోవచ్చు. డయోసీస్ పెద్దదన్న మాటకూ, భవనం పెద్దదన్న మాటకూ తేడా తెలియక కలిపేశారు. రెండోది చార్మినార్ కథ. శిఖరం చార్మినార్‌ను మించిపోతోందని నిజాంకు కోపం వచ్చిందంటారు. చార్మినార్ ఎత్తే ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా ఉంది. కొన్ని లెక్కల ప్రకారం అదే పెద్దది. కోపం కథ చెప్పుకోవడానికి బాగుంటుంది, నేనూ చుట్టాలకు చెప్పాను. చరిత్ర అని రాయకండి, అంతే.

మన చరిత్ర మనం రాసుకోకపోవడానికి కారణాలు లేకపోలేదు. జిల్లా పేరు మాదే, కచేరీలన్నీ 2016 దాకా సంగారెడ్డిలో. కాగితం కావాలంటే అక్కడికి పోవాలి. రైలు కూడా 2022 సెప్టెంబర్‌లోనే వచ్చింది, అదీ అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల ముక్క. అంతకుముందు పండుగకు వచ్చేవాళ్లు అక్కన్నపేటలో దిగి బస్సు పట్టుకునేవారు. ఇంకా ముందు ఎడ్లబండ్లు. ఇరవై నాలుగు సాయంత్రానికి బండ్లు విప్పి, చెట్ల కింద గడ్డి వేసి, మూడు రాళ్ల పొయ్యి పెట్టేవారు. తెల్లవారుజామున నాలుగున్నర ఆరాధనకు లేవాలంటే పడుకున్నది ఎంతసేపో! ఇప్పుడు కార్లలో, రైల్లో కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా లక్షల్లో వస్తున్నారు. ఊరివాళ్లం ఆ రోజు చర్చి లోపలికి పోవడమే కష్టం. అందుకేనేమో, మాకు పండుగ ముందు రోజుల్లోనే జరిగిపోతుంది.

ఇప్పుడు కావలసింది సాక్ష్యం. పాత క్రైస్తవ ఇళ్లలో బైబిలు మొదటి ఖాళీ పేజీలో పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసుకునే అలవాటుంది. 1924 కన్నా ముందు డిసెంబర్ నెలలో బాప్తిస్మం రాసుకున్న పేజీ ఒక్కటి దొరికినా చాలు, కరపత్రం వాళ్ల ముందు పెడతాను. పోయిన డిసెంబర్‌లో కొన్ని ఇళ్లు తిరిగాను. తలుపు తీసినవాళ్ల చేతులకు పిండి, వెనక పొయ్యి మీద నూనె. "అన్నా, బైబిలు అటక మీద ఉంది, ఇప్పుడు ఎవరు తీస్తరు? పండుగ అయినంక రా" అన్నారు. పండుగ అయినంక పోతే చుట్టాలున్నారు, ఆ తర్వాత సంక్రాంతి వచ్చింది. ఈసారి దీపావళి కాగానే, సున్నాలు మొదలు కాకముందే బయలుదేరుతున్నాను. అటక ఎక్కడానికి నిచ్చెన నేనే తెచ్చుకుంటాను.