బోను నుంచి అడవికి: డేవిడ్ అటెన్‌బరో, ‘లైఫ్ ఆన్ ఎర్త్’

పత్రికలను, ఉత్తరాలను చరిత్రకు ఆధారాలుగా చదవడం మీకు అలవాటే. టెలివిజన్ కార్యక్రమాన్ని కూడా అలాగే చదవవచ్చు. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ అటెన్‌బరో వన్యప్రాణి కార్యక్రమాలు ఇందుకు మంచి ఉదాహరణ. 1926లో జన్మించిన ఆయనను తెరపై చూస్తూ మూడు తరాలు పెరిగాయి. ఈ ఆదరణకు ఆయన కంఠస్వరమే కారణమని సాధారణంగా అంటారు. అది కొంతవరకే నిజం. జంతువును మనిషి ఎక్కడ నిలబడి చూడాలన్న విషయంలో ఆయన కార్యక్రమాలు మారుతూ వచ్చాయి. అసలు కారణం అక్కడ ఉంది.

తొలి దశను గమనించండి. 1952లో బి.బి.సి.లో చేరిన అటెన్‌బరో, 1954లో ‘జూ క్వెస్ట్’ కార్యక్రమానికి నిర్మాత అయ్యారు. దాని పద్ధతి నేటి విద్యార్థికి వింతగా తోస్తుంది. లండన్ జూ సిబ్బందితో కలిసి బృందం దూరదేశం వెళ్తుంది, జంతువులను పట్టి తెస్తుంది, వాటిని స్టూడియోలో ప్రదర్శిస్తుంది. మొదటి యాత్ర సియెర్రా లియోన్‌కు జరిగింది. ఆ దేశం 1961 వరకు బ్రిటిష్ పాలనలోనే ఉంది. వలసల నుంచి ముడిసరుకు ఓడల్లో తరలిన దారినే జంతువులూ తరలాయన్నమాట. వ్యాఖ్యాతగా మొదట అనుకున్నది కూడా అటెన్‌బరోను కాదు. జూలో సరీసృపాల విభాగాన్ని చూసే జాక్ లెస్టర్ జబ్బుపడడంతో నిర్మాతే కెమెరా ముందుకు రావలసి వచ్చింది.

1965లో ఆయన బి.బి.సి. 2 ఛానెల్‌కు అధిపతి అయ్యారు. 1967లో రంగుల ప్రసారాలు ఆ ఛానెల్‌లోనే మొదలయ్యాయి. ఇంకా పై పదవులకు అవకాశం ఉన్నా, 1973లో రాజీనామా చేసి మళ్లీ కార్యక్రమాల నిర్మాణానికి వచ్చారు.

1979లో ప్రసారమైన ‘లైఫ్ ఆన్ ఎర్త్’లో 13 భాగాలున్నాయి. జీవపరిణామాన్ని తొలి జీవుల నుంచి మనిషి వరకు వరుసగా చెప్పిన కార్యక్రమం ఇది. ఇక్కడ బోను లేదు. మనిషే జంతువు ఉన్న చోటికి వెళ్తాడు. 1978లో రువాండా కొండల్లో చిత్రించిన గొరిల్లాల దృశ్యం ఇందులో అందరికీ గుర్తుండిపోయింది. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా రావడం వల్ల కలిగే ప్రయోజనాన్ని వివరించాలని అటెన్‌బరో అనుకున్నారు. తీరా గొరిల్లాల మధ్య కూర్చున్నాక ఆ పాఠం పక్కకు పోయింది. పిల్ల గొరిల్లాలు ఆయన బూట్ల లేసులతో ఆడుకోసాగాయి. ఆయన గుసగుసగా నాలుగు మాటలు చెప్పి ఊరుకున్నారు. ఉపాధ్యాయుడు అతిథిగా మారిన క్షణమది. ప్రేక్షకులు ఆయనను నమ్మింది అందుకేనని చెప్పవచ్చు.

అయితే ఆ దృశ్యం బయట ఏముందో కూడా చూడాలి. ఆ గొరిల్లాలను మనుషులకు అలవాటు చేసింది 1967 నుంచి అక్కడ పరిశోధిస్తున్న డయాన్ ఫాసీ. ఆమెకు ఎంతో ఇష్టమైన డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 డిసెంబరు చివరి రోజున దొంగవేటగాళ్లు చంపేశారు. చిత్రీకరణ బృందం అక్కడికి చేరింది ఆ తర్వాత కొద్ది రోజులకే. అడవిని మనుషులు లేని సుందర లోకంగా చూపి, దాన్ని నాశనం చేస్తున్నవారి ఊసు చాలాకాలం తక్కువగా ఎత్తారని అటెన్‌బరోపై విమర్శ ఉంది. ఈ విమర్శలో బలం ఉంది. 2000లో ‘స్టేట్ ఆఫ్ ది ప్లానెట్’, 2017లో సముద్రపు ప్లాస్టిక్‌ను చూపిన ‘బ్లూ ప్లానెట్ 2’ వచ్చేసరికి ఆయన స్వరం మారింది. కొన్ని వందలకు పడిపోయిన పర్వత గొరిల్లాల సంఖ్య 2018 నాటి లెక్కల్లో వెయ్యి దాటింది.

వీలైతే ‘జూ క్వెస్ట్’లోని ఏదైనా ఒక భాగాన్ని, ఈ గొరిల్లాల దృశ్యాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. వ్యాఖ్యాత చేతులు ఏ కార్యక్రమంలో ఏం చేస్తున్నాయో రాసుకోండి.