ఆకాశం ఎవడబ్బ సొత్తు?

మన తెలుగు న్యూస్ చానెళ్ళలో ఏది ఏ పార్టీ వైపో చెప్పమంటే ఆఫీసు క్యాంటీన్లో టీ తాగే ఎవరైనా తడుముకోకుండా చెప్పేస్తారు. ఆ చానెళ్ళు వాడుకునే తరంగాలు ఎవరివి అని అడగండి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈ రెండో ప్రశ్నకి పెద్ద కథే ఉంది. అందులో ముగ్గురు తెలుగువాళ్ళున్నారు. ముగ్గుర్నీ ఒకచోట పెట్టి ఎవరైనా చెప్పగా నేను వినలేదు, అందుకే ఈ రాత.

కథ 1885లో మొదలవుతుంది. ఆ ఏడాది తెల్లదొరలు టెలిగ్రాఫ్ చట్టం చేసి, తంతి వ్యవహారం మీద గుత్త హక్కు సర్కారుదే అన్నారు. అప్పటికి మార్కోనీ పదకొండేళ్ళ కుర్రాడు. తర్వాత రేడియో వచ్చింది, టీవీ వచ్చింది, శాటిలైట్ వచ్చింది. అన్నిటినీ ఆ 'టెలిగ్రాఫ్' అన్న మాటలోనే ఇరికించేశారు. మనం రోజూ తిట్టుకునే లెగసీ కోడ్‌కి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదేమో. దాని బదులు కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం పాసయింది 2023లో!

తమాషా ఏంటంటే, మన దేశంలో రేడియో మొదలైంది ప్రైవేటుగానే. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ బొంబాయిలో, కలకత్తాలో స్టేషన్లు పెట్టింది. మూడేళ్ళు తిరక్కుండానే దివాలా తీసింది. 1930లో సర్కారు చేతుల్లోకి పోయింది, 1936లో దానికి ఆలిండియా రేడియో అని పేరు పెట్టారు. హైదరాబాదులోనూ ఇదే వరస. 1933లో మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ వీధిలో 200 వాట్ల స్టేషన్ నడిపితే, 1935లో నిజాం సర్కారు దాన్ని తీసేసుకుంది. అదే డెక్కన్ రేడియో. 1950లో అదీ ఆలిండియా రేడియోలో కలిసింది.

మా చోడవరం సంగతి వేరు. (2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. నాకింకా నోటికి విశాఖే వస్తుంది.) 1938లో మద్రాసు స్టేషను, 1948లో విజయవాడ వచ్చినా, మాకు దగ్గరి గొంతు వినబడింది మాత్రం 1963 ఆగస్టులో విశాఖపట్నం కేంద్రం మొదలయ్యాకే. రేడియో కొంటే సరిపోదు, పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా డబ్బు కట్టాలి. మా తాతయ్య లైసెన్సు పుస్తకం మొన్నమొన్నటిదాకా ట్రంకు పెట్టెలో ఉండేది. "పాటలు ఇనడానికి కూడా సర్కారోడికి డబ్బులు కట్టడవేటి?" అని మామ్మ దెప్పేదట. 1980ల మధ్యలో ఆ లైసెన్సులు రద్దయ్యాయి.

టీవీ విషయంలో మనవాళ్ళ ఇంజనీరింగు గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నాసా వాళ్ళ ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ సెట్లు చేసింది హైదరాబాదు ఈసీఐఎల్. ఆ సంస్థని నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారిది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. ఇంతకీ హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది 1977 అక్టోబరులో.

సరే, ఆ ముగ్గురి దగ్గరికొద్దాం. ఎమర్జెన్సీలో ఆకాశవాణి, దూరదర్శన్ ఎలా భజన చేశాయో చూశాక, వీటిని సర్కారు నుంచి విడదీయాలని 1978లో వర్గీస్ కమిటీ చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. దూరదర్శన్‌ని రాజీవ్ దర్శన్ అని జనం ఎగతాళి చేసే రోజులు కూడా గడిచాక, వి.పి. సింగ్ మంత్రివర్గంలో తెలుగుదేశం తరఫున సమాచార మంత్రి అయిన పర్వతనేని ఉపేంద్ర 1990లో ప్రసార భారతి చట్టం పాస్ చేయించారు. ప్రభుత్వం పడిపోయింది. చట్టం ఫైల్లో పడుకుంది.

రెండో ఆయన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. 1993 హీరో కప్ క్రికెట్ ఎవరు ప్రసారం చేయాలి అన్న గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు: తరంగాలు ప్రజల ఆస్తి, వాటిని అజమాయిషీ చేయడానికి స్వతంత్ర సంస్థ పెట్టండి. సర్కారు గుత్తాధిపత్యం పోయిందని అందరూ చప్పట్లు కొట్టారు. కానీ విడిగా రాసిన తీర్పులో జీవన్ రెడ్డి గారు ఇంకో మాట కూడా అన్నారు. వాక్ స్వాతంత్ర్యం అంటే సొంత స్టేషను పెట్టుకునే హక్కు కాదని, డబ్బున్నవాళ్ళ చేతికి ఇచ్చేస్తే అదీ ప్రమాదమేనని. నా దృష్టిలో మొత్తం కథలో ఇదే అసలు మాట. ఇదే అందరూ మర్చిపోయారు.

మూడో ఆయన జైపాల్ రెడ్డి. ఏడేళ్ళు నిద్రపోయిన ఉపేంద్ర గారి చట్టాన్ని 1997 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చారు. ప్రసార భారతి అయితే పుట్టింది గానీ జీతాలకి ఢిల్లీ వైపు చూడటం తప్పలేదు. సుప్రీంకోర్టు అడిగిన స్వతంత్ర సంస్థ ఇప్పటికీ లేదు. చానెల్ పర్మిషన్ కావాలంటే సమాచార శాఖ దగ్గరికే వెళ్ళాలి.

ఈలోగా మార్కెట్ దాని పని అది చేసుకుపోయింది. తీర్పు వచ్చిన ఏడాదే జెమిని, ఈటీవీ వచ్చాయి. జెమిని చెన్నై సన్ వాళ్ళదయింది. మా టీవీని 2015లో స్టార్ కొనేసింది, 2024లో ఆ స్టార్ వెళ్ళి రిలయన్స్ గొడుగు కిందకి చేరింది. సర్కారుకి మాత్రం పట్టు పోయిందా? 2014లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్లో మాయమయ్యాయి. 2019లో ఆంధ్రలో ఏబీఎన్, టీవీ5 వంతు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీ వంతు. ఏ పార్టీ అభిమానైనా తన చానెల్ పోయినప్పుడే ప్రజాస్వామ్యం గురించి మాట్లాడతాడు.

ప్రజల ఆస్తి అన్న మాటని నిజంగా నమ్మినవాళ్ళు జహీరాబాద్ దగ్గర మాచునూరులో ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 1998కే స్టూడియో సిద్ధం చేసుకున్నారు. లైసెన్సు మాత్రం లేదు. పదేళ్ళు కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరులో సంఘం రేడియో గాల్లోకి వెళ్ళింది. విత్తనాలు, జొన్నలు, పండగ పాటలు అన్నీ వాళ్ళ యాసలోనే. వాళ్ళకైనా, వైజాగులో ఎఫ్ఎం నడిపే పెద్ద కంపెనీలకైనా రూలు ఒకటే: సొంతంగా వార్తలు చెప్పకూడదు, కావాలంటే ఆకాశవాణి బులెటిన్ వేసుకోవచ్చు.