మద్దిలపాలెంలో బస్సెక్కితే

కార్తీక మాసం వచ్చిందంటే ఆదివారం తెల్లవారుజామున విశాఖ మద్దిలపాలెం జంక్షన్ కళే వేరు. రోడ్డు పక్కన టూరిస్టు బస్సులు ఆగి ఉంటాయి. పులిహోర డబ్బాలు, మంచినీళ్ల క్యాన్లు, దుప్పట్లు, నిద్రమొహాల పిల్లలు. కాలనీ పెద్ద ఒకాయన చేతిలో కాగితం పట్టుకుని తలలు లెక్కపెడుతుంటాడు. అరకు, బొర్రా, కటికి జలపాతం, తిరుగు ప్రయాణంలో వీలుంటే సింహాచలం. నలభై మంది, ఒక రోజు. చిన్నప్పటి నుంచీ ఈ బస్సులు ఎక్కుతూనే ఉన్నాను.

మా వీధిలో ఉండే రిటైరైన దంపతులు ఈమధ్య మరో బస్సు ఎక్కి వచ్చారు. స్లోవేనియా, క్రొయేషియా దేశాల్లో పది రోజుల బృంద యాత్ర. లుబ్లియానాలో మొదలై బ్లెడ్ సరస్సు, పోస్టోయ్నా గుహలు, ప్లిట్విచే జలపాతాలు, స్ప్లిట్, చివరికి సముద్రం ఒడ్డున గోడల నగరం డుబ్రోవ్నిక్. ఫొటోలు చూపిస్తారని వెళ్లిన నాకు వాళ్లు రెండు గంటల సేపు కథలే చెప్పారు. ప్రతి కథకీ ముందు ఒకటే మాట: "మా గైడు చెప్పింది." చారిత్రక విషయాలంటే ఏనాడూ ఆసక్తి చూపని అంకుల్‌గారు, డయోక్లీషియన్ చక్రవర్తి క్రీ.శ. 305లో గద్దె దిగి స్ప్లిట్‌లో కట్టించుకున్న కోటకు వెళ్లిపోయాడని తేదీతో సహా చెప్పారు. ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం ధ్వంసమైతే జనం ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి ఆ కోట గోడల మధ్యే కాపురాలు పెట్టారట. నేటికీ అక్కడ ఇళ్లున్నాయి, బట్టలారేసిన తాళ్లున్నాయి. క్రైస్తవులను వేటాడిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే ఇప్పుడక్కడ చర్చి.

"మన ఊరి తొట్లకొండ చూశారా అంకుల్?" అని అడిగాను.

"బీచ్ రోడ్డులో బోర్డు చూశానమ్మా. ఎక్కలేదు" అన్నారాయన. విశాఖలో ఆయనకు ముప్పై అయిదేళ్ల కాపురం. తప్పు ఆయనది అననుగాక అనను. ఆ కొండ ఎక్కించి, ఇదీ సంగతి అని చెప్పినవాళ్లెవరూ ఆయనకు తగల్లేదు.

గుంపుగా ఊళ్లు చూడబోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న దాదాపు వందమందితో కాశీకి బయల్దేరారు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ. అక్కడి నుంచి గయ, కలకత్తా, పూరీ చూసుకుని మన తీరం వెంబడే దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలు పైబడింది. ఇంతమందిని క్షేమంగా తీసుకెళ్లి తీసుకురావడమే గొప్ప. ఆయన ఇంకొకటి కూడా చేశారు. ప్రతి మజిలీలో దారి ఎలాంటిది, నీళ్లు దొరుకుతాయా, అంగళ్లున్నాయా, జనం ఎలా బతుకుతున్నారు అని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ పోయారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. బృందాన్ని నడిపించడం, చూసినదాన్ని చెప్పడం ఒకే మనిషి పని అని ఆయనకు తెలుసు. మన బస్సుల్లో మొదటి పని ఇప్పటికీ చక్కగా జరుగుతోంది. రెండోది ఎక్కడో జారిపోయింది.

మద్దిలపాలెం నుంచే చూద్దాం. ఇసుకతోట, హనుమంతవాక దాటి బీచ్ రోడ్డు పట్టుకుంటే భీమిలి పాతిక కిలోమీటర్లకు అటూఇటూ. ఈ కాస్త దారిలోనే రెండు వేల ఏళ్ల నాటి మూడు బౌద్ధారామాలున్నాయి: బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ. మూడూ సముద్రాన్ని చూస్తూ ఉంటాయి. రెండింటి పేర్లలో నీళ్లున్నాయి. వానాకాలపు నీటిని ఏడాది పొడుగునా దాచుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిచిన తొట్లవల్ల తొట్లకొండ, బావులవల్ల బావికొండ. పావురాలకొండ మీదా రాతి తొట్లు వరసగా కనిపిస్తాయి. పక్కనే సముద్రం ఉన్నా తాగే నీటి చుక్క లేని గుట్టమీద వందల ఏళ్లు మనుషులు ఎలా ఉండగలిగారో ఆ తొట్లే చెబుతాయి.

తొట్లకొండ ఉనికి మనకు తెలిసింది నేవీ వాళ్లవల్ల. 1976లో స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే కొండమీద ఈ జాడలు కంటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. మహాస్తూపం, విహారాలు, వంటశాల, భోజనశాల, రాళ్లు పరిచిన బాటలు బయటపడ్డాయి. వాటితోపాటు 9 శాతవాహన నాణేలు, 5 రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఆ వెండి నాణేల గురించి చదివినప్పుడల్లా అంకుల్‌గారి స్ప్లిట్ కోట గుర్తొస్తుంది. ఆయన ఏడు సముద్రాలు దాటి చూసొచ్చిన ఆ తీరం కూడా ఒకనాటి రోమన్ రాజ్యంలోదే. ఆ రాజ్యపు నాణెం మన మంగమారిపేట పక్క గుట్టెక్కి కూర్చుంది. ఏ ఓడలో వచ్చిందో, ఏ వర్తకుడు భిక్షువుల ముందు ఉంచి దండం పెట్టాడో ఊహించుకోవచ్చు. కొండమీద నిలబడి ఈ ఒక్క సంగతి చెబితే బస్సులో పదేళ్ల పిల్లాడు కూడా ఫోను పక్కన పెడతాడు.

చెప్పకపోతే ఏమవుతుందో కూడా చూశాను. కొన్నేళ్ల కిందట ఒక గుంపుతో ఆ కొండెక్కాం. వెంట వచ్చిన ఒక ముసలమ్మ ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసి, "ఏటుంది బాబూ ఇక్కడ, ఇటికలు తప్ప?" అంది. అందరం సముద్రం వైపు తిరిగి ఫొటోలు దిగి వచ్చేశాం. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పాల్సినవాళ్లం చెప్పలేదు. ఆ ఇటుకల స్తూపమే 2019 అక్టోబరు వానలకు ఒక పక్క కూలిపోయింది. తరువాత మళ్లీ నిలబెట్టారు.

బావికొండను 1982 నుంచి 1987 దాకా తవ్వారు. మహాచైత్యంలో ఒక మట్టి పాత్రలో ఎముక ముక్క దొరికింది. అది బుద్ధుడి ధాతువేనని నమ్మేవాళ్లున్నారు. భీమిలిలోనేమో డచ్చివాళ్ల సమాధులు. 1825లో వాళ్లు ఇక్కడి స్థావరాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు సరేసరి.

బొర్రా గుహల సంగతి వేరు. అక్కడ చెప్పేవాళ్లున్నారు. ఆ చుట్టుపక్కల గిరిజన యువకులు టార్చిలైటు వేసి ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ, ఇది ఋషి గడ్డం, ఇది మొసలి అని చూపిస్తారు. ఆవు గుహలో పడిపోతే వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనిపించిన కథ చెబుతారు. నాకు ఆ కథలంటే ప్రాణం. వాటితో పాటు గోస్తనీ నది నీళ్లు సున్నపురాతిని ఎలా కరిగించాయో, ఒక్కొక్క చుక్కా జారి రాతి ఊడలు ఎలా పెరిగాయో కూడా ఆ కుర్రాళ్ల నోటే వినాలని ఉంటుంది. ఇలా నీళ్లు తొలిచిన సున్నపురాతి నేలను లోకమంతా 'కార్స్ట్' అంటుంది. ఆ మాట పుట్టింది స్లోవేనియాలోని క్రాస్ పీఠభూమి పేరులోంచే.

అంకుల్‌గారు చూసొచ్చిన పోస్టోయ్నా గుహలది అక్కడి కథ. 1818లో ఆస్ట్రియా చక్రవర్తి మొదటి ఫ్రాన్సిస్ రాక కోసం గుహలో దీపాలు సర్దుతున్న లూకా చెచ్ అనే స్థానికుడు లోపలి గుహలకు దారి కనిపెట్టాడు. మరుసటి ఏడు గుహలను యాత్రికులకు తెరిచినప్పుడు దారి చూపించింది కూడా ఆయనే. దీపం పట్టుకున్న ఊరివాడే మొదటి గైడు అన్నమాట. 1857లో వియన్నా నుంచి ట్రియెస్ట్ రేవు దాకా రైలు మార్గం పూర్తయింది. దాంతో జనం రాక పెరిగింది. 1872లో గుహలోపలే పట్టాలు వేశారు.

మన బొర్రాకూ జనాన్ని తెచ్చింది రేవు రైలే. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్ పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. 58 సొరంగాలు. తూర్పు కనుమల్ని తొలిచిన కూలీల చెమట మీద ఖనిజం దిగుతోంది, యాత్రికులు ఎక్కుతున్నారు. పోస్టోయ్నాలో రైలు గుహలోకి వెళ్తుంది. బొర్రాలో గుహ నెత్తిమీదుగా వెళ్తుంది. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు పెట్టె కూడా వచ్చింది. ఆ పెట్టెలో కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు వేసే పిల్లలకు ఈ లైను ఎందుకు పుట్టిందో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

చెప్పడానికి ఎంత బలముందో తెలియాలంటే ఇటు అనకాపల్లి వైపు పోవాలి. శంకరం గ్రామం పక్కన బొజ్జన్నకొండ. సంఘారామం శంకరమైంది, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ అయింది. పక్క గుట్టమీద రాతిలో చెక్కిన స్తూపాలను లింగాలనుకుని జనం లింగాలకొండ అన్నారు. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. సముద్రగుప్తుడి బంగారు నాణెం, కుబ్జ విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. అంటే గుప్తుల కాలం నుంచి తూర్పు చాళుక్యుల దాకా ఈ కొండకు రాకపోకలున్నాయి.

ఆ కొండ దగ్గరే ఏటా కనుమనాడు తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. తీర్థానికి వచ్చినవాళ్లు పొట్టలా ఉబ్బిన ఒక కట్టడాన్ని రాక్షసుడి బొజ్జ అని నమ్మి రాళ్లు రువ్వేవారు. తాతలు రువ్వారు, తండ్రులు రువ్వారు, పిల్లల చేతికీ రాయి ఇచ్చారు. ఆ రాళ్లు తగిలింది బౌద్ధుల కట్టడానికి. ద్వేషం లేదు, తెలియకపోవడం ఉంది. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థవాళ్లూ పురావస్తు శాఖ వాళ్లూ ఊళ్లలోకి వెళ్లి ఇది రాక్షసుడు కాదు, మన పూర్వీకులు కొలిచిన చోటు అని విడమరిచి చెప్పారు. రాళ్లు ఆగాయి. తీర్థం మాత్రం ఆగలేదు. ఉత్తరాంధ్రలో చరిత్ర మీద జరిగిన పనుల్లో నా దృష్టిలో దీన్ని మించింది లేదు. నాణేలు దొరికిన రోజుకన్నా రాయి కింద పడేసిన రోజే పెద్దది.

సింహాచలంలోనూ చెప్పుకోవలసింది బోలెడుంది. 1098 నాటి కుళోత్తుంగ చోళుడి శాసనం నుంచి, 1260ల్లో గంగ నరసింహదేవుడి కాలపు కట్టడం నుంచి, 1516లో కళింగ దండయాత్రలో కృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించడం దాకా అన్నీ ఆ గోడలమీదే ఉన్నాయి. దర్శనం క్యూలో నిలబడి ఆ రాతల పక్కనుంచే నడిచిపోతాం.

మద్దిలపాలెం జంక్షన్ పక్కనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర చదువుకునే పిల్లలు రోజూ అక్కడ బస్సు దిగి గేటులోకి వెళ్తారు. అదే రోడ్డు మీద ఆదివారం యాత్రా బస్సులు బయల్దేరతాయి. ఈ రెండు గుంపులూ కలవడానికి రోడ్డు దాటితే చాలు. కాలనీ సంఘాలవాళ్లకూ, వనభోజనాలు నడిపే పెద్దలకూ నాదొక విన్నపం. ఈ కార్తీకంలో నలభై సీట్లలో ఒకటి ఖాళీ ఉంచండి. చరిత్ర చదువుతున్న విద్యార్థినో, రిటైరైన సోషల్ మేష్టారినో అడిగి, భోజనం పెట్టి, ఆ సీట్లో కూర్చోబెట్టి తొట్లకొండ తీసుకెళ్లండి. మైకు వాళ్ల చేతికివ్వండి. మా వీధి నుంచి వెళ్లే బస్సుకి అంకుల్‌గారు ఇప్పటికే పేరు రాయించారు.