పొద్దుగూకే వేళ ఛాయాచిత్రాలు – కొంత చరిత్ర, కొంత అనుభవం



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కొండారెడ్డి బురుజు గురించో, కర్నూలు రాజధానిగా ఉన్న 1953–56 నాటి గుడారాల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నేను గుమాస్తాగా పనిచేసినంత కాలం సాయంత్రాల్లో పెట్టుకున్న వ్యాపకం ఒకటుంది. శరత్తులోనూ, చలికాలంలోనూ కల్లూరు పరిసరాల్లో పొద్దుగూకే ఆకాశాన్ని ఫోటో తీయడం. "పొద్దు రోజూ గూకుతుంది కదా, దానికి ఫోటో ఎందుకు? డబ్బు దండగ" అనేది మా ఇంటావిడ. ఆ మాటకు జవాబు నాకు ముప్పై ఏళ్లకు పైగా దొరకలేదు. దొరికిన విధం చివర మనవి చేస్తాను. ముందు కాస్త చరిత్ర.

1839 ఆగస్టు 19న పారిస్ నగరంలో డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విధానాన్ని లోకానికి వెల్లడించారు. ఆ తర్వాత రెండు నెలలకే, అక్టోబరులో, ఈస్టిండియా కంపెనీ సేనలు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని సంస్థానాన్ని స్వాధీనం చేసుకున్నాయి. అంటే కెమెరా పుట్టిన ఏడాదే మన నవాబుల పాలన ముగిసింది. ఆ పాలన నాటి హంద్రీ ఒడ్డు ఎలా ఉండేదో రాతల్లో వెతుక్కోవలసిందే గాని ఫోటోలో చూసే అదృష్టం మనకు లేదు.

1850వ దశకంలోనే మద్రాసులో ఔత్సాహికులు ఫోటోగ్రఫీ సంఘం పెట్టుకున్నారు. దానికి పూనుకున్న అలెగ్జాండర్ హంటర్ వృత్తిరీత్యా వైద్యుడు. 1856లో మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా నియమితుడైన లీనియస్ ట్రైప్ సైనికాధికారి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు గుంటూరులో మకాం వేసి గాజు పలకలపై సూర్యుణ్ణి చిత్రించిన మేజర్ టెన్నెంట్ కూడా సైన్యంవాడే. ఒక ఉద్యోగం చేసుకుంటూ కెమెరా పట్టినవారు మొదటినుంచీ ఉన్నారన్నమాట.

అయితే ఆ రోజుల్లో ఆకాశాన్ని ఫోటో తీయడం అంత సులభం కాదు. అప్పటి రసాయనాలకు నీలి వెలుగు తెలిసినంతగా ఎరుపు తెలిసేది కాదు. నేల సరిగా పడేంతసేపు కెమెరా తెరిచి ఉంచితే ఆకాశం తెల్లకాగితంలా పాలిపోయేది, మబ్బు జాడే ఉండేది కాదు. సంధ్యారుణమేమో నల్లగా పడేది. 1856–57 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివు, ఆకాశానికి వేరొక నెగటివు తీసి, రెంటినీ ఒకే కాగితంపై అచ్చువేసి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. 1873లో జర్మనీ శాస్త్రజ్ఞుడు వోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే పలకకు ఇతర రంగులు కూడా తెలుస్తాయని కనిపెట్టాడు. ఆ మార్గం పూర్తిగా ఫలించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఈలోగా 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. దాని ధూళి పైవాతావరణంలో వ్యాపించి, సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రైస్తవ కళాశాల ఆచార్యుడు మిచీ స్మిత్ ఆ వింతను పరిశీలించి నమోదు చేశాడు. ఆ ఏటి శరత్తు, చలికాలాల్లో ఐరోపాలో సైతం సంధ్యాకాశం నెత్తురు రంగుకు తిరిగింది. ఆ రంగులను పట్టగల ఫోటో పలక అప్పటికి లేదు. లండనులో విలియం ఆస్‌క్రాఫ్ట్ అనే చిత్రకారుడు నది ఒడ్డున కూర్చుని, రంగు సుద్దలతో ఐదు వందలకు పైగా బొమ్మలు గీశాడు. ఆ ఆకాశం ఎలా ఉండేదో ఈనాటికీ ఆ బొమ్మలే చెబుతున్నాయి.

మనం గర్వించదగిన మాట మరొకటి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా హైదరాబాదులో వెలిగిన రాజా దీన్ దయాళ్ మొదట ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖ ఉద్యోగి. 1874 ప్రాంతంలో కెమెరా పట్టి, ఉద్యోగం చేస్తూనే ఆ విద్యలో ఆరితేరి, తర్వాత దానికే అంకితమయ్యాడు. మనలో ఒకడే కదా!

ఇక నా సంగతి. 1974లో దసరా పండుగ అడ్వాన్సుతో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా కొన్నాను. రోలుకు పన్నెండు బొమ్మలు. ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌వారి 'ఇందు' రోలు దొరికితే అదే వేసేవాణ్ణి. ఆ సంస్థ ఇప్పుడు మూతపడింది. నెలకు ఒక రోలు మించి కొనే స్తోమత లేదు గనుక ఒక్కో బొమ్మకు పదిసార్లు ఆలోచించేవాణ్ణి.

చలికాలమే ఎందుకంటే, దానికి రెండు కారణాలు. వేసవిలో మన సీమ ఆకాశం దుమ్ముతో మసకబారి ఉంటుంది. వానలు కడిగిన తర్వాత గాలి తేటపడి, పైన పలుచని మబ్బులు నిలుస్తాయి. సూర్యుడు దిగిన పది పదిహేను నిమిషాలకు కింది నుంచి వచ్చే ఎర్రని వెలుగు ఆ మబ్బులకు అంటుకుంటుంది. రెండో కారణం ఆఫీసు వేళలు! మన ప్రాంతంలో అందరూ అనుకున్నట్టు డిసెంబరు 22న కాక, నవంబరు చివరి వారంలోనే పొద్దు అన్నిటికంటే పెందలాడే గూకుతుంది, సుమారు 5.45కు. అయిదింటికి ఫైలు కట్టి సైకిలెక్కితే హంద్రీ ఒడ్డుకు సరిగ్గా చేరుకోవచ్చు. ఆ రోజుల్లో సూర్యుడు పడమటికి బాగా దక్షిణంగా జరిగి అస్తమిస్తాడు. హంద్రీ వచ్చేదీ అటు నుంచే. ఎగువకు తిరిగి నిలబడితే ఇసుక, నీటిపాయ, పొద్దు ఒకే వరుసలో కనబడేవి.

1976 డిసెంబరులో ఒక సాయంత్రం కెమెరా సరిచూసుకుని మీట నొక్కే క్షణాన ఒక గొర్రెల కాపరి, భుజాన గొంగడి, మెడమీద అడ్డకర్రతో సూర్యుడికి అడ్డంగా నడిచాడు. బొమ్మ పాడైందని విసుక్కున్నాను. ప్రింటు వచ్చాక చూస్తే ముఖం కూడా తెలియని నల్లని ఆకారం. ఆఫీసులో బల్లమీద పడేస్తే మా అటెండరు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "సార్, ఈ నడక మా నాయనదే. ఆయప్పకు ఇంకో పోటో లేదు" అన్నాడు. పనికిరాని బొమ్మే కదా అని ఇచ్చేశాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తిన సంగతి మీలో చాలామంది అనుభవించారు. మా ఇంట్లో నడుమెత్తు నీళ్లు. మంచం కింద ట్రంకు పెట్టెలో ముప్పై అయిదేళ్ల నెగటివులూ, ప్రింట్లూ బురదలో నానిపోయాయి. తెలియక వాటిని ఎండలో ఆరబెట్టాను. అన్నీ అంటుకుపోయి ముద్దయ్యాయి. వయసొచ్చాక ఏడ్చింది ఆ రోజే.

నెల తిరక్కుండా ఆ అటెండరు, అప్పటికి అతనూ రిటైరయ్యాడు, కబురు విని వచ్చాడు. వాళ్ల ఇల్లు మెరకమీద ఉండి ముంపు తప్పింది. సంచిలోంచి అద్దం కట్టిన ఆ ఫోటో తీసి, "సార్, కాపీ తీసుకోండి" అన్నాడు. నేను తీసిన హంద్రీ చిత్రాల్లో మిగిలింది అదొక్కటే. అందులో ఇప్పుడు లేని ఇసుక మేట ఉంది, ఊరు పెరిగి కనుమరుగైన చేలు ఉన్నాయి, వాళ్ల నాయన ఉన్నాడు. ఆ ఫోటోను మా ఇంటావిడ కళ్లకద్దుకుంది. ఆమె పాత ప్రశ్నకు జవాబు అదే. పొద్దు రోజూ గూకుతుంది నిజమే. దాని ముందు నిలిచినవి మాత్రం రేపు ఉంటాయన్న నమ్మకం లేదు.

మిత్రులకు నా మనవి. మీ ఇళ్లలోని పాత ఫోటోల వెనుక ఊరు, సంవత్సరం, మనుషుల పేర్లు మెత్తని పెన్సిలుతో రాయండి. అవి తెలిసింది మనకే, పిల్లలకు కాదు. పెట్టెను నేలమీద ఉంచకండి. ఒకవేళ తడిస్తే నాలాగా ఎండలో పెట్టకుండా, శుభ్రమైన చల్లని నీటిలో ఉంచి ఒక్కొక్కటిగా విడదీసి, రెండు రోజుల్లోగా నీడన ఆరబెట్టండి. మనవల చేత సెల్‌ఫోనులో కాపీ తీయించి రెండు చోట్ల దాచండి. మనం బతికున్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. మన ఊరి ఏటికీ, చేలకూ, మనుషులకూ ఆ సర్టిఫికెట్ ఇవ్వగలిగింది మన పాత ఫోటోలే.

ఈ నవంబరులోనూ అయిదున్నరకు నేను హంద్రీ ఒడ్డునే ఉంటాను. వీలైనవారు రండి.