గంజాయి మొక్క గదిలోకి ఎట్లా వచ్చింది?

తులసివనంలో గంజాయి మొక్క అనే సామెత తెలియని తెలుగువాడుండడు. సామెతను బట్టి చూస్తే ఆ మొక్కకు పుట్టుకతోనే దోషం అంటింది. చరిత్రను బట్టి చూస్తే ఆ దోషానికి తేదీలున్నాయి, దస్తావేజులున్నాయి, దాన్ని నిర్ణయించినవారి ప్రయోజనాలున్నాయి. యీ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఆ ప్రయోజనాలనే.

సిద్దిపేట జిల్లాలోని ములుగులో (సమ్మక్క సారలమ్మల ములుగు వేరు) కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం వున్నది. ఎండను, గాలిని, తేమను కప్పు కింద అదుపులో పెట్టి కూరలను, పూలను పండించే విద్య యీనాడు ఉద్యాన శాస్త్రంలో ముఖ్యభాగం. చామంతి పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. రాత్రిపూట దీపాలు వెలిగించి ఆ పూతను వెనక్కు జరపవచ్చు. గంజాయి కూడా యీ జాతి స్వభావం గలదే. బట్టల బీరువా అంత గుడారం, లోపల వెలుతురును తిప్పికొట్టే పూత, పైన విద్యుద్దీపం, గాలికి పంకా, వాసనను పట్టివుంచే బొగ్గు వడపోత: నగరాలలో కొందరు యువకులు యిటువంటి గుడారాన్ని సరదాగాను, మరికొందరు స్వేచ్ఛకు గుర్తుగాను భావిస్తున్నారు. గుడారంలో చామంతి పెంచితే విద్య, గంజాయి పెంచితే నేరం ఎట్లా అయిందని ఒక విద్యార్థి నన్నడిగాడు. న్యాయమైన ప్రశ్న. చట్టం నిషేధించింది కనుక అని సమాధానం చెబితే ప్రశ్న ఒక మెట్టు వెనక్కు జరుగుతుందే గాని తీరదు. చట్టం ఎందుకు నిషేధించింది?

1893లో బ్రిటిష్ పార్లమెంటులో మద్యనిషేధవాదులు గంజాయిని గురించి ప్రశ్న లేవనెత్తారు. దాని ఫలితంగా హెంప్ డ్రగ్స్ కమిషన్ ఏర్పడింది. ఏడుగురు సభ్యులలో ముగ్గురు భారతీయులు. 1193 మంది సాక్షులను విచారించి 1894లో కమిషన్ నివేదిక యిచ్చింది. మితంగా వాడితే చెప్పుకోదగిన హాని లేదని, పూర్తి నిషేధం అవసరమూ కాదు, ఉచితమూ కాదని అది తేల్చింది. యిది ఉదారమైన మాటగా కనిపిస్తుంది. కాని దాని వెంట వచ్చిన సిఫార్సులను కూడా చదవాలి: తగినంత పన్ను వేయాలి, లైసెన్సు లేని సాగును ఆపాలి, సాగును కొద్ది చోట్లకే పరిమితం చేయాలి, దుకాణాల సంఖ్యను తగ్గించాలి. అంటే మొక్కను సర్కారు వారి లెక్కల పుస్తకంలోకి ఎక్కించాలి.

ఆ పుస్తకంలో తెలుగునేల కూడా వున్నది. బెంగాలులో నౌగాం, మధ్యపరగణాలలో ఖాండ్వా ప్రాంతం ఎట్లాగో, మద్రాసు రాజధానిలో బాపట్ల వైపున వున్న సంతరావూరు అట్లా లైసెన్సు సాగుకు కేంద్రమయింది. నౌగాంలో మగ మొక్కలను గుర్తించి పీకివేయడానికి పోద్దారు అనే నిపుణుడు వుండేవాడు. మగ మొక్క మిగిలితే ఆడ మొక్క గింజ కడుతుంది, సరుకు చెడుతుంది. గుడారంలో ఆడ మొక్కలనే ఏరి పెంచే నేటి యువకుడు తనది కొత్త విజ్ఞానమనుకుంటాడు. అది ఆనాటి బెంగాలు పొలంలో కూలి తీసుకున్న మనిషి నేర్పే.

సర్కారుకు ఆదాయం వచ్చినంతకాలం ఆ మొక్క పంట. తరువాత ఏమయింది? 1925 జెనీవా ఒప్పందంతో గంజాయి అంతర్జాతీయ అదుపులోకి వచ్చింది. 1937లో అమెరికా దానిపై పన్ను చట్టం పేరుతో ఆచరణలో నిషేధం తెచ్చింది. 1961 ఐక్యరాజ్యసమితి ఒప్పందం, వైద్యానికీ పరిశోధనకూ తప్ప మరి దేనికీ వాడకుండా 25 సంవత్సరాల గడువులో మాన్పించాలన్నది. ఆ చర్చలలో భారతదేశం పట్టుబట్టినందువల్లనే ఆకు, అనగా మన భంగు, నిర్వచనం బయట మిగిలింది. ఆ గడువు దగ్గరపడుతుండగా 1985 నవంబరు 14న మన మాదకద్రవ్యాల చట్టం అమలులోకి వచ్చింది. మొక్క పెంచితే పది సంవత్సరాల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పొలానికీ గదికీ, పది ఎకరాలకూ పది కుండీలకూ చట్టంలో తేడా లేదు. గుడారం కొనే యువకుడు యీ మాట తెలిసే కొనాలి.

మొక్క గదిలోకి పోయిన కథ కూడా చట్టం కథే. 1970లలో మెక్సికో పొలాల మీద అమెరికా సహాయంతో విషమందు చల్లారు. 1983 నుంచి కాలిఫోర్నియా కొండల మీద పోలీసు హెలికాప్టర్లు తిరిగాయి. ఆకాశం నుంచి చూసేవాడు వచ్చాడు గనుక మొక్క కప్పు కిందికి పోయింది. సూర్యుడికి బదులు దీపం వచ్చింది. వాసన పొరుగువాడికి పోకుండా బొగ్గు వచ్చింది. 1989లో దీపాలు, పరికరాలు అమ్మే దుకాణాల మీదనే అమెరికా దాడులు జరిపింది. ఓరెగాన్ రాష్ట్రంలో ఒక యింటి గోడలలో నుంచి వచ్చే దీపాల వేడిని పోలీసులు యంత్రంతో బయట నుంచే పసిగట్టారు. వారంటు లేకుండా అట్లా చూడరాదని 2001లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చింది. ఎండ ధారాళంగా వున్న భూమి మీద, ఎండను తరిమి, ఆ ఎండకు బదులు కరెంటు బిల్లు కట్టే వ్యవసాయం యిది. గుడారంలోని ప్రతి భాగమూ ఒక దాడికి జవాబుగా పుట్టింది. దాక్కోవడానికి కట్టిన గదిని స్వేచ్ఛ అనుకోవడం పొరపాటు.

గది వున్నవాడు దాక్కుంటాడు. గది లేనివాడి సంగతి ఏమిటి? విశాఖ మన్యంలో బయటి వ్యాపారులు విత్తనమూ పెట్టుబడీ యిచ్చి ఆదివాసుల చేత కొండవాలు మీద గంజాయి వేయించారు. 2021 అక్టోబరు చివర మొదలైన పరివర్తన్ కార్యక్రమంలో పోలీసులు వేల ఎకరాల తోటలను నరికివేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపాన సుమారు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. పొగ అందరికీ కనిపించింది. పెట్టుబడి పెట్టినవాడు కనిపించలేదు. మూట మోసినవాడు, తోట కాసినవాడు బెయిలు దొరకని సెక్షన్లలో జైలుకు పోయారు. యీ మన్యానికి యిది మొదటి అనుభవం కాదు. 1879లో రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటి ఆబ్కారీ: తన చెట్టు కల్లు తాను తీసుకుంటే పన్ను కట్టమన్నారు. ఆనాడు చెట్టు మీద పన్ను, యీనాడు మొక్క మీద కేసు. రెండుసార్లూ కొండమీది మనిషిని అడిగి చేసిన శాసనం లేదు.

తెలంగాణలో కూడా 2021 అక్టోబరులో, గంజాయి వేసిన రైతుకు రైతుబంధు నిలిపివేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పత్తి ధర పడిపోయి, బోరు ఎండిపోయి, చేను నడుమ నాలుగు మొక్కలు వేసినవాడు చేసింది తప్పే. కాని ఆ తప్పుకు సాయం తీసివేయడం, ఆ తప్పు చేయించిన అప్పును మరింత పెంచడం కాదా?

నేను మత్తును సమర్థించడం లేదు. పేదవాడి అలసటను మరిపించి, అలసటకు కారణాన్ని దాచేది ఏదైనా మనకు మిత్రం కాదు. గదిలో ఏరి పెంచిన నేటి రకాలలో మత్తుపదార్థం పాలు వెనకటికన్న ఎక్కువ; లేత వయసు మనసుకు దాని హాని నిజమైనది. అయినా హానిని తగ్గించే పని వైద్యుడిదీ ఉపాధ్యాయుడిదీ. పది సంవత్సరాల జైలు ఏ రోగికీ మందు కాలేదు.

యిక రాబోయే దశను గమనించండి. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర పదార్థాల జాబితా నుంచి తొలగించింది. 27 మంది అనుకూలంగా, 25 మంది వ్యతిరేకంగా ఓటు చేశారు. అనుకూలురలో భారతదేశం వున్నది. 2018లోనే ఉత్తరాఖండ్ నారకోసం సాగుకు లైసెన్సు యిచ్చింది. 1985 చట్టంలోనే నారకూ గింజకూ వైద్యానికీ అనుమతి యివ్వడానికి వీలున్నది. అంటే మొక్క తిరిగి పంట కాబోతున్నది. అయితే ఎవరి పంట? లైసెన్సు రుసుము, అద్దాల పందిరి, ప్రయోగశాల ఖర్చు భరించగల కంపెనీకి అది పరిశ్రమ అవుతుంది. కొండవాలు మీది ఆదివాసికి అది పాత కేసుగానే మిగులుతుంది.

కనుక ములుగు వంటి చోట్ల యీ విద్య నేర్చే యువకులను నేను కోరేది ఒకటే. మీ నేర్పును గుడారంలో నాలుగు కుండీలకు దాచవద్దు. మన్యంలో కాఫీకీ మిరియానికీ పసుపుకూ గంజాయికి పోటీ యివ్వగల ధర ఎట్లా వస్తుందో లెక్కవేయండి. రేపు లైసెన్సులు వస్తే మొదటి హక్కు గిరిజన సహకార సంఘాలకు వుండాలని, కూలికి మూట మోసి జైలుకు పోయినవారి కేసులను తిరిగి విచారించాలని అడగండి. ఆ మొక్క ఏ వనంలో మొలవాలో యింతవరకు సర్కారు, సరుకు కొనేవాడు నిర్ణయించారు. దున్నేవాడిని యింకా ఎవరూ అడగలేదు.