దారియే గృహముగా: అమెరికా లారీ దంపతుల చరిత్ర

మన దేశమున లారీ అనగానే డ్రైవరు, క్లీనరు అను ఇద్దరు పురుషులు మనస్సునకు తోచుదురు. డ్రైవరు భార్య ఊరిలో ఉండును. అతడెప్పుడు తిరిగి వచ్చునో ఆమెకు నిశ్చయముగా తెలియదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేరొక విధమైన లారీ సంసారము కూడ కలదు. అచ్చట కొందరు భార్యాభర్తలు ఒకే లారీని వంతుల వారీగా నడుపుచు, వారముల తరబడి దానిలోనే కాపురముందురు. భర్త స్టీరింగు పట్టినప్పుడు భార్య వెనుకనున్న పడకపై నిద్రించును. ఆమె పట్టినప్పుడు అతడు నిద్రించును. ఈ సంసారము ఎట్లు ఏర్పడినది? దీనిని నిలిపినవేవి? ఈ ప్రశ్నలకు సమాధానము చాలవరకు ఆ దేశపు రహదారి చట్టములలోను, ఒక చిన్న పడక యొక్క కొలతలలోను కానవచ్చును.

ముందుగా ఈ పద్ధతిలోని లెక్కను గ్రహింపవలెను. లాస్ ఏంజెలీస్ నుండి న్యూయార్కునకు రోడ్డు దారి సుమారు 2,800 మైళ్లు. నేటి నిబంధనల ప్రకారము సరకు లారీ డ్రైవరు 10 గంటల విశ్రాంతి తరువాత 11 గంటలకు మించి బండి నడుపరాదు. గంటకు 55 మైళ్ల చొప్పున లెక్కించినచో అది సుమారు 600 మైళ్లు. కావున ఒంటరివాడు ఆ దూరమును దాటుటకు ఐదు దినములు పట్టును. ఇద్దరున్నచో ఒకరి విశ్రాంతి వేళ మరియొకరు నడుపుదురు; బండి దాదాపు ఆగదు; మూడు దినముల లోపుననే సరకు చేరును. వాడిపోవు పండ్లకు, కూరగాయలకు, తొందరగా కావలసిన యంత్రభాగములకు ఆ రెండు దినముల ఆదాయే ప్రధానము.

ఈ లారీల చరిత్ర ఒక కమ్మరి కొలిమి నుండి ఆరంభమైనదని చెప్పవచ్చును. 1914లో డెట్రాయిటు నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఒక కలప వర్తకుని పడవను తీసికొనిపోవుటకై, ఫోర్డు కారునకు తగిలించి లాగదగిన బండి నొకదానిని చేసి యిచ్చెను. ఇంజను గల ముందు బండి వేరు, సరకు గల వెనుక బండి వేరు అను ఏర్పాటు దీనితో వ్యాపించినది. సరకు బండిని ఒకచోట విడిచి, ఇంకొకదానిని తగిలించుకొని సాగిపోవచ్చును. ముందు బండి మాత్రము డ్రైవరుతోనే ఉండును. తరువాతి కాలమున అది గృహమగుటకు మూలమిదియే.

అయితే నాటికి దారులు లేవు. 1919లో సైనిక వాహనముల శ్రేణి యొకటి వాషింగ్టను నుండి శాన్ ఫ్రాన్సిస్కో చేరుటకు 62 దినములు పట్టెను. ఆ ప్రయాణములో పాల్గొన్న యువ సైనికాధికారులలో డ్వైట్ ఐసెన్‌హోవరు ఒకడు. బురదలో దిగబడిన చక్రములను అతడు కన్నులార చూచెను. 1956లో అధ్యక్షుడుగా 41,000 మైళ్ల మహామార్గముల నిర్మాణమునకు సంబంధించిన చట్టముపై సంతకము చేసినవాడును అతడే.

ఈ మధ్యకాలమున టెక్సాసు రాష్ట్రములోని హెంప్‌స్టెడ్ అను ఊరిలో లిల్లీ డ్రెన్నన్ అను స్త్రీ తన భర్తతో కలిసి 1928లో లారీ వ్యాపారము ప్రారంభించెను. మరుసటి సంవత్సరము ఆమె లారీ లైసెన్సు కోరగా, వినికిడి తక్కువయని పరీక్షాధికారులు సందేహించిరి. తన చెవిని గాక తాను బండి నడపిన తీరును చూడుడని ఆమె వాదించి లైసెన్సు సాధించెను. టెక్సాసులో వ్యాపార లారీ లైసెన్సు పొందిన మొదటి స్త్రీగా ఆమె పేరు చెప్పుదురు. అదే 1929లో ఆ దంపతులు విడిపోయిరి. వ్యాపారమును మాత్రము ఆమె ఒంటరిగా 1952 వరకు నడిపెను. లారీపై కలిసి పనిచేయుట దాంపత్యమును నిలుపునని ఎవరును హామీ ఇయ్యజాలరని ఈ తొలి ఉదాహరణమే తెలుపుచున్నది.

1935లో అమెరికా కాంగ్రెసు మోటారు రవాణాను సమాఖ్య ప్రభుత్వపు అదుపునకు తెచ్చెను. కిరాయి రేట్లు, లైసెన్సులు, పని గంటలు అన్నియు నిబంధనలకు లోబడినవి. పడక అరలో గడపిన కాలమును విశ్రాంతిగా లెక్కించుటకు ఆ నిబంధనలు అంగీకరించినవి. ఇక ఆ పడక ఎట్టిది? 1953కు ముందు అమర్చిన పడకలకు విధించిన కనీసపు కొలతలు ఇవి: పొడవు 72 అంగుళములు, వెడల్పు 18, ఎత్తు 18. మన కొలతలో చెప్పవలెనన్న పొడవు నాలుగు మూరలు, వెడల్పు ఒక మూర, ఎత్తును ఒక మూరయే. అందులో మనిషి పడుకొనవచ్చునే గాని ప్రక్కకు ఒత్తిగిలుట కష్టము. 1953 నుండి పొడవు 75 అంగుళములు, వెడల్పు, ఎత్తు 21 చొప్పున అయినవి. 1975 సెప్టెంబరు తరువాత అవి 24 అంగుళములకు పెరిగినవి. ఇరువదిరెండేండ్లలో చట్టము దయచూపినది ఒక్కొక్కసారి మూడేసి అంగుళములు మాత్రమే.

ఇంకొక నిబంధన కూడ కలదు. రవాణా సంస్థ వ్రాతపూర్వకముగా అనుమతించిననే తప్ప, డ్రైవరు తన బండిలో ఇతరులను ఎక్కించుకొనరాదు. భార్యయైనను ఇందుకు మినహాయింపు కాదు. ఆమె భర్త ప్రక్కన కూర్చుండుటకు కాగితము కావలెను. తానే లైసెన్సు పొంది డ్రైవరుగా నియమింపబడినచో ఆ చిక్కు లేదు. ఎందరో స్త్రీలు స్టీరింగు పట్టుటకు భర్తతో కలిసి యుండవలెనను కోరిక కారణమైనను, ఆ కోరికను వృత్తిగా మార్చినది ఇట్టి నిబంధనలును, ఇంటి ఆదాయపు అవసరమును.

1970వ దశాబ్దిలో రెండు మార్పులు వచ్చినవి. 1973లో చమురు కొరత ఏర్పడగా, 1974 ఆరంభమున దేశమంతటను గంటకు 55 మైళ్ల వేగ పరిమితి విధింపబడెను. మైళ్ల లెక్కన కూలి పొందువారికి వేగము తగ్గినచో ఆదాయము తగ్గును. ఈ కాలముననే సిటిజన్స్ బ్యాండు అను చిన్న రేడియో లారీలలో విరివిగా వెలసినది. ఇది మన ఇండ్లలోని రేడియో వలె వినుటకు మాత్రమే కాదు, మాటలాడుటకును పనికివచ్చును. ఎక్కడ పెట్రోలు దొరకును, ఎక్కడ పోలీసులు కాచియున్నారు, ఎక్కడ మంచు కురియుచున్నది అను వార్తలను డ్రైవర్లు మారుపేర్లతో ఒకరికొకరు చెప్పుకొనిరి. రద్దీ హెచ్చగా 1977లో దాని చానెళ్లను 23 నుండి 40కి పెంచవలసి వచ్చెను. భాగస్వామి వెనుక నిద్రించుచుండగా నడిరాత్రి బండి నడుపువారికి ఆ కంఠములే తోడు.

1980లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము లారీ వ్యాపారముపై నున్న నియంత్రణమును సడలించెను. కొత్త సంస్థలు వేలకొలది వెలసినవి. పోటీ పెరిగి కిరాయిలు తగ్గినవి. డ్రైవర్ల నిజ వేతనములును క్రమముగా క్షీణించినవి. అంతర్రాష్ట్ర లారీ డ్రైవర్లకు అదనపు గంటల కూలి 1938 నాటి కార్మిక చట్టములోనే నిరాకరింపబడినది. గిడ్డంగి యొద్ద గంటల తరబడి నిరీక్షించినను తరచు కూలి రాదు. ఇట్టి స్థితిలో ఒకే బండిపై రెండు కూలులు ఒకే ఇంటికి చేరుట దంపతులకు ఆధారమయ్యెను. అపరిచితులైన ఇద్దరిని ఇరుకైన అరలో ఇముడ్చుట కష్టము గనుక సంస్థలకును దంపతులు అనుకూలమైరి.

అంతవరకు పలు రాష్ట్రములు లారీ మొత్తము పొడవును నిర్ణయించుచుండెను. ముందు బండి ఎంత పొట్టిదైన వెనుక సరకునకు అంత చోటు మిగులును. అందుచేత ఇంజనుపైననే గూడు కట్టి, దాని వెనుక సన్నని పడక నిరికించెడివారు. 1982 నాటి చట్టము ముఖ్య రహదారులపై ఆ మొత్తపు పరిమితిని తొలగించి, సరకు బండి పొడవును మాత్రమే లెక్కించునట్లు చేసెను. అప్పుడు పడక అర పెరిగినది. నిలువున నిలబడదగిన ఎత్తు, పైన ఒకటి, క్రింద ఒకటి పడకలు, బట్టల బీరువా, చిన్న ఫ్రిజ్, వంట చేసికొను తావు వచ్చినవి. మూరెడు పడక గదిగా మారుటకు ఇదియే కారణము.

గది వచ్చినను సుఖము సంపూర్ణము కాలేదు. నడచుచున్న బండిలో నిద్రించువారు ఎగిరిపడకుండ పడకకు కట్టుపట్టీలు ఉండవలెను. బ్రేకు వేసినప్పుడెల్ల నిద్ర చెదరును. స్నానము పెట్రోలు కొన్నచోట, బట్టలుతుకుట ఆగినచోట. పిల్లలు చిన్నవారైనచో వారిని పెద్దల యొద్ద విడువవలెను. కావున పిల్లలు పెరిగి వేరుపడిన పిదప ఈ వృత్తికి వచ్చిన దంపతులు అనేకులు.

శ్రోతలు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. 2005కు పూర్వము పడక అరలోని విశ్రాంతిని రెండు భాగములుగా పంచుకొనవచ్చును గనుక దంపతులు నాలుగైదు గంటలకొకసారి మారుచుండిరి. ఆ సంవత్సరము అక్టోబరు నుండి ఒక్క విడతలో కనీసము 8 గంటలు పడకపై గడుపవలెనని నియమించిరి. 2020లో దానిని 7 గంటలకు తగ్గించిరి. 2017 డిసెంబరు నుండి ఈ గంటలను చాలవరకు కాగితముపై గాక, ఇంజనుకు తగిలించిన యంత్రమే నమోదు చేయుచున్నది. డ్రైవరు అలసట వలన ప్రమాదములు జరుగును గనుక ఈ నియమము అవసరమే. కాని దాని ఫలితముగా ఒకరు మేల్కొన్న వేళ మరియొకరు నిద్రించుట మరింత స్థిరపడినది. ఇరువది నాలుగు గంటలును ఒకే కప్పు క్రింద నుండియు, ఇద్దరును కలిసి భోజనము చేయుటకు వారు సమయము వెదకుకొనవలెను.

ఈ చరిత్రలో చట్టము బండి పొడవును కొలిచినది, పడక వెడల్పును కొలిచినది, నిద్రించు గంటలను కొలిచినది. భార్యాభర్తలు ఇద్దరును మేల్కొని ఒకరి ముఖమొకరు చూచుకొను గంటను మాత్రము ఏ నిబంధనయు లెక్కించలేదు. ఆ గంట వారు స్వయముగా సంపాదించుకొనవలసినది. సరకు దింపి, తరువాతి కిరాయి కొరకు వేచియుండగా, కూలి రాని ఆ సమయముననే అది తరచు వారికి లభించుచున్నది.