నిజామాబాద్ జైలు గోడ మీద నాలుగో పాదం

ఈ ఎపిసోడ్‌ని ఒక అమెరికా రాక్ పాటతో మొదలుపెట్టి మన నిజామాబాద్ ఖిల్లా దగ్గరికి తీసుకొస్తా. మధ్యలో స్కిప్ కొట్టకండి, లింక్ ఉంది.

1984లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట ఒకటి వచ్చింది, 'బార్న్ ఇన్ ది యూఎస్ఏ'. పల్లవి వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. జెండా పట్టుకుని ఊగిపోవాలనిపిస్తుంది. చరణాలు వింటే మాత్రం కథ వేరు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక మామూలు మనిషి ఉంటాడు. అన్న లాంటివాణ్ని అక్కడ పోగొట్టుకున్నాడు. సొంతూళ్లో ఫ్యాక్టరీకి వెళ్తే పనిలేదు పొమ్మన్నారు. అదే ఏడాది ఎన్నికల ప్రచారంలో అధ్యక్షుడు రీగన్, న్యూజెర్సీ సభలో ఆ గాయకుడి పేరు తీసి, ఆయన పాటల్లో ఆశ ఉందని చెప్పాడు. జనం పల్లవి పట్టుకున్నారు, చరణాలు వదిలేశారు. నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ అదే కథ.

మనకూ అలాంటిదొకటి ఉంది. వీణ, రత్నాలు, తెలంగాణ... ఈ మూడు మాటలు అనగానే మీ నోట్లో ఒక వాక్యం వచ్చేసిందా? నేను చెప్పాల్సిన పనే లేదు. జూన్ 2 వస్తే మీ వాట్సాప్ స్టేటస్ అదే. ఫ్లెక్సీల మీద అదే, లీడర్ల స్పీచుల్లో అదే, స్కూల్ గోడల మీద అదే. అది రాసింది దాశరథి కృష్ణమాచార్య. పుట్టుకొచ్చింది మన ఇందూరు జైల్లో.

ఆ వాక్యం నిజానికి ఒక తేటగీతి పద్యంలో చివరి పాదం. మొత్తం నాలుగే పాదాలు. మిగతా మూడు ఎంతమందికి వచ్చు? నా ఫ్రెండ్స్‌ని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. ఆ మాటకొస్తే ఇంటర్ అయిపోయేదాకా నాకూ రాదు.

ఆ మూడు పాదాల్లో ఏముందంటే, దాశరథి నేరుగా నిజాం రాజుతో మాట్లాడుతున్నాడు. గౌరవంగా కాదు, దయ్యాన్ని పిలిచినట్టు పిలుస్తాడు. నీలాంటి ఏలిక మాకు ఎప్పుడూ దొరకలేదని ఎత్తిపొడుస్తాడు. ఆ తర్వాత నేరం చదువుతాడు: తంత్రులు తెగ్గొట్టావు, నిప్పుల్లో పడేశావు అని. దేన్ని? ఆ జవాబే నాలుగో పాదం. మనం స్టేటస్ పెట్టుకునే వీణ అదన్నమాట. తీగలు తెగిపోయి, మంటల్లో కాలుతున్న వీణ.

నాకు ఇది తెలిసిన రోజు కొంచెంసేపు మాట రాలేదు. మనం పొగడ్త అనుకుంటున్నది ఒక ఫిర్యాదులో సగం ముక్క.

ఇప్పుడు ఆ మనిషి గురించి చెప్తా. దాశరథి 1925 జూలై 22న చిన్నగూడూరులో పుట్టాడు, ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. నిజాం పాలనకు ఎదురు తిరిగి జైలుకెళ్లాడు. వరంగల్ జైలు, ఆ తర్వాత నిజామాబాద్ జైలు. లెక్కేయండి, 1948 నాటికి వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. ఈ వీడియో చూస్తున్న మీలో చాలామంది వయసే. చేతిలో కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాసేవాడని చెబుతారు. అదే జైల్లో ఆయనతో పాటు వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఉన్నాడు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా పుస్తకాలు మోసిన మనిషి, తర్వాత 'జైలు లోపల' అని కథలు కూడా రాశాడు. గోడ మీది బొగ్గు రాత చెరిపేస్తే పోతుంది కదా. పక్కన ఉన్నవాడి నోటికి వచ్చిన పద్యం మాత్రం పోదు. 1949లో దాశరథి 'అగ్నిధార' అచ్చయినప్పుడు ఆ పుస్తకాన్ని ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. ఆ అంకితం ఎందుకో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. నిజాంను అంతలా తిట్టాడు కదా, ఉర్దూ అంటే పడదేమో అనుకుంటారు. అస్సలు కాదు. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చింది ఈయనే, 'గాలిబ్ గీతాలు' అని. ఆయన కోపమంతా గద్దె మీద. పక్కింటి భాష మీద, పక్కింటి మనిషి మీద కాదు. ఆ పద్యాన్ని ఎవరైనా మతం గొడవకి వాడుకుంటే ఈ ఒక్క పుస్తకం పేరు చెప్పండి చాలు. ఇంకో సరదా విషయం: 'మూగమనసులు' సినిమాలో గోదారి గట్టు పాట తెలుసు కదా, రీల్స్‌లో ఇప్పటికీ తిరుగుతోంది. అది రాసింది కూడా ఈ జైలు కవే!

సరే, బోధన్ ఎక్కడొచ్చింది ఇందులో?

మన ప్రాంతంలో నిజాం అంటే రెండు రకాల జ్ఞాపకాలు. ఖిల్లా జైలు ఒకటి. రెండోది శక్కర్‌నగర్. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయింది. నీళ్లొచ్చాయి, చెరకొచ్చింది. 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆసియాలోనే పెద్దదని మా తాతల తరం గొప్పగా చెప్పుకునేది. చెరకు బండ్లు గేటు ముందు వరుస కట్టేవి, ఫ్యాక్టరీ సైరన్‌తో ఊరు టైమ్ చూసుకునేది. బోధన్‌లో ముసలాయన ఎవరినైనా కూర్చోబెట్టి అడగండి, 'నిజాం' అనే మాటను తిట్టులా పలకడు. అది ఆయనకు జీతం పేరు, క్వార్టర్ పేరు, పండుగకు తెచ్చిన బట్టల పేరు. దాశరథి చెప్పిందీ నిజమే, ఈ ముసలాయన చెప్పేదీ నిజమే. ఒకే ప్రభుత్వం చెరకు కోసం కాలువ తవ్వింది, ఒక కుర్రాణ్ని జైల్లోనూ పెట్టింది. దాన్ని సాఫ్ట్ చేసి చెప్పడం నాకిష్టం లేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే. 2002లో ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. కొత్త రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. 2015 డిసెంబర్‌లో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకు కూడా లేఆఫ్ ప్రకటించారు. చెరకు వేసే రైతులు వరికి మళ్లారు. తీగలు ఈసారి రాజు తెంపలేదు. సంతకాలు, నష్టాల లెక్కలు, పార్టీల హామీలు కలిసి తెంపాయి. ఫలానా ఒక్కడే అని వేలు చూపించలేం. అందుకే దీని మీద పద్యం రాయడం కూడా కష్టమేమో.

ఆ ఏడాది నుంచే ప్రభుత్వం దాశరథి పుట్టినరోజున ఆయన పేరు మీద అవార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. జూలైలో అవార్డు, డిసెంబర్‌లో లేఆఫ్. రెండింటికీ సంబంధం ఉందని నేను అనట్లేదు, కానీ ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నాలుగో పాదం మీకు వేరేగా వినిపిస్తుంది.

ఇంతకాలం అది ఎలా నిలిచింది అంటే నా లెక్క ఇది. చిన్నది, ఊపిరి తీసుకోకుండా చెప్పొచ్చు. అందులో తిట్టు లేదు కాబట్టి ఏ పార్టీ అయినా వాడుకోవచ్చు. రాజు పోయాడు, మొదటి మూడు పాదాలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. వీణ మాత్రం ప్రతి తరానికీ పనికొచ్చింది. 1969లో, 2009 తర్వాత జరిగిన ఉద్యమంలో, ఇప్పుడు ఇన్‌స్టా బయోలో.

ఈసారి నిజామాబాద్ వెళ్తే ఖిల్లా రామాలయం మెట్లెక్కండి. సెల్ఫీ దిగండి, తప్పేం లేదు. క్యాప్షన్ పెట్టేముందు 'అగ్నిధార' తీసి ఆ నాలుగు పాదాలూ ఒకసారి గట్టిగా చదవండి, జైలు గోడకు వినపడేలా. అర నిమిషం కూడా పట్టదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆళ్వారుస్వామి గురించి మాట్లాడుకుందాం, ఉంటా మరి.